వైజాగ్ కంటే చిన్న దేశం, దాని మిలటరీ ఖర్చు

ఎస్టోనియా జనాభా దాదాపు 13.7 లక్షలు. మన విశాఖ నగరం 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటింది. అంటే మన ఊరి జనం కంటే తక్కువ మంది కలిసి ఒక దేశం నడుపుకుంటున్నారు. వాళ్లకో పార్లమెంటు ఉంది, ఒక భాష ఉంది, ఐక్యరాజ్యసమితిలో ఒక కుర్చీ ఉంది, పక్కన రష్యా ఉంది. ఆ చివరి మాటే అసలు సంగతి. 2025 వసంతంలో వాళ్ల ప్రభుత్వం, 2026 నుంచి 2029 దాకా ఏటా సగటున జీడీపీలో 5.4 శాతం రక్షణకే పెడతామని తేల్చింది. మన దేశం పెట్టేది 2 శాతానికి కొంచెం తక్కువ.

నేనేమీ విదేశీ వ్యవహారాల పండితుణ్ణి కాదు. మా పిన్ని కొడుకు ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, ఫ్యామిలీ గ్రూపులో ఎప్పుడూ మంచు ఫోటోలు పెట్టేవాడు ఒకరోజు సూపర్ మార్కెట్ బిల్లు పెట్టి, కింద "ఇందులో 24 శాతం పన్ను" అని రాశాడు. మా పిన్ని వెంటనే "సరిగ్గా తింటున్నావా నాన్నా" అని అడిగింది, అది వేరే కథ. నేను మాత్రం ఆ 24 దగ్గర ఆగిపోయి తవ్వడం మొదలుపెట్టాను, తవ్వేకొద్దీ మన ఊళ్లో మనం మిలటరీ ఖర్చు గురించి మాట్లాడుకునే తీరు ఎంత వేరో అర్థమైంది.

ముందు లెక్క చూద్దాం, శాతాలు పక్కన పెట్టి రూపాయల్లో. ఎస్టోనియా జీడీపీ 4,000 కోట్ల యూరోల దరిదాపుల్లో ఉంటుంది. అందులో 5.4 శాతం అంటే 216 కోట్ల యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే, 21,600 కోట్ల రూపాయలు. మన దేశ రక్షణ బడ్జెట్ 2025-26లో 6.81 లక్షల కోట్లు, కాబట్టి వాళ్లు పెట్టేదంతా కలిపినా మన దాంట్లో ముప్ఫయ్యో వంతే. ఇదే సొమ్మును తలకి లెక్కేస్తే సీన్ తిరగబడుతుంది. మనకి మనిషికి సుమారు 4,700 రూపాయలు పడుతుంది. వాళ్లకి లక్షన్నర దాటుతుంది. నలుగురున్న ఇంటికి ఏడాదికి ఆరు లక్షల పైన, కేవలం తుపాకులకీ గుళ్లకీ బంకర్లకీ. వాళ్ల జీతాలు మనకంటే చాలా ఎక్కువే, ఆ మాట నిజమే, ఐనా ఆరు లక్షలు ఆరు లక్షలే.

మరి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడే ఆ బిల్లు. ఎస్టోనియాలో వ్యాట్ చాలాకాలం 20 శాతం ఉండేది. 2024 జనవరిలో 22 చేశారు, 2025 జులైలో 24 చేశారు. ఆదాయ పన్ను కూడా 2025 జనవరిలో 20 నుంచి 22కి ఎక్కింది. మనకి విడిగా అమ్మే బియ్యం మీద జీఎస్టీ లేదు, కూరగాయల మీద లేదు, పేదవాడి కంచం మీద పన్ను వేస్తే గొడవైపోతుందని ఏ పార్టీకైనా తెలుసు. వాళ్లకి అలాంటి మినహాయింపు లేదు. రొట్టె మీదా 24, పాల మీదా 24, బంగాళాదుంపల మీదా 24. పుస్తకాలకీ మందులకీ తక్కువ రేటు ఉంది గానీ తిండికి లేదు. పైగా ఆ పెంపు ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాది, అంటే 2022లో, ధరలు 19 శాతం దాకా పెరిగి జనం నడుం విరిగాక వచ్చింది. ఆ తర్వాతి ఏడాది ఆర్థిక వ్యవస్థ ముడుచుకుపోయింది కూడా. చేతిలో డబ్బు ఆడని సమయంలో, అన్నం మీద పన్ను పెంచి, ఇది దేశ రక్షణకి అని మొహం మీదే చెప్పారు.

చెప్పి గెలిచారా అంటే, ఆ ప్రభుత్వం పరపతి బాగా పడిపోయింది. 2026లో ఆదాయ పన్ను ఇంకో రెండు శాతం పెంచాలనుకుని వెనక్కి తగ్గారు. 2025 అక్టోబరులో స్థానిక ఎన్నికల్లో పాలక పార్టీ గట్టి దెబ్బే తింది. అప్పులు పెరుగుతున్నాయి. యూరప్ మొత్తంలో అతి తక్కువ అప్పున్న దేశంగా పేరున్న ఎస్టోనియా, అంటే అప్పు చేయడమే తప్పు అనుకునే మనస్తత్వం ఉన్న దేశం, ఇప్పుడు మిలటరీ కోసం అప్పు చేస్తోంది.

ఇదంతా మా బావకి చెప్పాను. ఆయన డాక్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యాడు. మల్కాపురంలో ఉంటాడు, పేపర్ మొత్తం చదువుతాడు, ప్రతిదానికీ ఒక అభిప్రాయం ఉంటుంది. విని, "అంత సిన్న దేశం రష్యాని ఆపగలదేటి? ఆ డబ్బులు పిల్లల సదువులకి పెట్టుకోవచ్చు కదరా" అన్నాడు. చాలామంది అనే మాటే ఇది, కొట్టిపారేసే మాట కూడా కాదు. రష్యా జనాభా 14 కోట్ల పైన. వంద మందికి ఒక్కడు కూడా కాదు వీళ్ల వైపు.

ఐతే దీనికి జవాబు వాళ్ల పాత కథలో ఉంది. 1918లో స్వతంత్రం ప్రకటించుకున్నారు, రష్యా బోల్షెవిక్ సేనలతో పోరాడి నిలబెట్టుకున్నారు. 1939 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ ఒక ఒప్పందం ముందు పెట్టి, మీ నేల మీద మా సైనిక స్థావరాలు పెట్టుకుంటాం అంది. ఎస్టోనియా సంతకం పెట్టింది. పక్కనే ఫిన్లాండ్ అలాంటి ఒత్తిడికి ఒప్పుకోలేదు, ఆ చలికాలమంతా యుద్ధం చేసింది, భూమి కొంత పోగొట్టుకుంది, దేశం మాత్రం మిగిలింది. ఎస్టోనియా ఒక్క పెద్ద యుద్ధమైనా చేయకుండానే 1940 జూన్‌లో ఆక్రమణలోకి పోయింది. 1941 జూన్‌లో దాదాపు పదివేల మందిని, 1949 మార్చిలో ఇరవై వేల మందికి పైగా, ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లతో సహా, రైళ్లెక్కించి సైబీరియా వైపు తోలేశారు. మళ్లీ స్వతంత్రం 1991 ఆగస్టులో. ఆఖరి రష్యన్ సైనికుడు ఆ నేల విడిచింది 1994 ఆగస్టు 31న.

ఇంత చిన్న దేశంలో ఇరవై వేల మందిని తీసుకుపోయారంటే, ఎవరో ఒకరి అమ్మమ్మ, ఎవరో ఒకరి మేనమామ లేని ఇల్లు ఉండదు. మనకి 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేసి పోతే, ఒక్కరోజు సంగతికే ఊరు ఖాళీ అయిపోయిందని, బళ్లు కట్టుకుని విజయనగరం వైపు పోయారని మా ఇంట్లో మొన్నమొన్నటి దాకా చెప్పుకునేవాళ్లు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిపోయిన సంగతి ఇప్పటికీ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడ్డానికి వచ్చిన ప్రతి పిల్లాడికీ చెబుతాం. మనకే అలా గుర్తుంటే, యాభై ఏళ్లు ఆక్రమణలో ఉన్నవాళ్లకి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కాబట్టి "రష్యాని ఆపగలరా" అనేది వాళ్లు వేసుకునే ప్రశ్న కాదు. "ఈసారి కూడా ఒక్క గుండు పేల్చకుండా పోదామా" అనేది ప్రశ్న.

ఇంకో సంగతి ఉంది, ఇది చదివాక నా ఆలోచన మొత్తం మారింది. 2004 నుంచి ఎస్టోనియా నాటో సభ్యదేశం. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనే ఒప్పందం ఉంది, అమెరికా ఉంది, బ్రిటన్ ఉంది, ఇంకేం భయం అనుకుంటాం. కానీ 2022 జూన్‌లో అప్పటి ప్రధాని కాయా కల్లాస్ బహిరంగంగానే ఒక మాట బయటపెట్టింది. అప్పటికి ఉన్న నాటో ప్రణాళిక ప్రకారం, బాల్టిక్ దేశాల మీద, అంటే ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాల మీద, దాడి జరిగితే ముందు అవి శత్రువు చేతిలోకి పోతాయి, ఆ తర్వాత 180 రోజులకి వచ్చి విడిపిస్తారు. ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో టాలిన్ పాతబస్తీ ఏమవుతుంది, జనం ఏమవుతారు అని ఆవిడ అడిగింది. అప్పుడే ఉక్రెయిన్‌లో రష్యన్ సైనికులు పౌరుల్ని చంపిన బుచా ఊరి ఫోటోలు ప్రపంచమంతా చూసింది, కాబట్టి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. తర్వాత మాడ్రిడ్ సమావేశంలో నాటో ఆ పద్ధతి మార్చుకుంటామని, మొదటి రోజు నుంచే కాపాడతామని అంది.

మాట బావుంది, కానీ మొదటి రోజు అక్కడ ఉండేదెవరు? ఉన్న ఊరివాళ్లే. మిత్రులు ఓడల్లో, విమానాల్లో, రైళ్లలో వచ్చేలోపు నిలబడాల్సింది వాళ్లే. ఆ 5.4 శాతం దేనికి అంటే నా దృష్టిలో జవాబు ఇదే. గెలవడానికి కాదు ఆ డబ్బు, నిలబడి ఉండే రోజుల్ని కొనుక్కోవడానికి. మా బావకి ఇదే చెప్పాను. "రోజులు కొనుక్కోడానికి అంత రేటా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు గానీ ప్రశ్న మాత్రం సరైనదే.

ఇక ఏం కొంటున్నారు అనేది చూస్తే భలే ఆసక్తిగా ఉంటుంది. దక్షిణ కొరియా నుంచి కె9 అనే స్వయంచాలిత ఫిరంగులు, మొత్తం 36. ఇవి మనకి కొత్త కాదు, మన కె9 వజ్ర ఇదే ఫిరంగి, గుజరాత్‌లో హజీరా దగ్గర ఎల్ అండ్ టీ తయారుచేస్తుంది, మనం 2017లో వంద, 2024 డిసెంబరులో ఇంకో వంద ఆర్డర్ పెట్టాం. రెండో వంద ఖరీదు 7,600 కోట్ల రూపాయల పైన. అమెరికా నుంచి హైమార్స్ రాకెట్ లాంచర్లు ఆరు, ఆరంటే ఆరే, 2025లో వచ్చాయి. ఫ్రాన్స్ నుంచి సీజర్ ఫిరంగులు, జర్మనీ నుంచి ఐరిస్-టీ వాయు రక్షణ క్షిపణులు. తూర్పు సరిహద్దు వెంట 600 కాంక్రీటు బంకర్లు కట్టాలని 2024 జనవరిలో నిర్ణయించారు, వాటికి అంచనా 6 కోట్ల యూరోలు. బంకర్ అంటే మనం ఊహించుకునే పెద్ద పాతాళ కోట కాదు, పదిమంది సైనికులు తలదాచుకునే గది. యుద్ధ విమానం మాత్రం ఒక్కటీ లేదు. నిజంగా ఒక్కటీ లేదు. 2004 నుంచీ నాటో దేశాలు వంతులవారీగా వచ్చి బాల్టిక్ ఆకాశానికి కాపలా కాస్తున్నాయి. 2025 సెప్టెంబరు 19న మూడు రష్యన్ మిగ్-31లు ఎస్టోనియా గగనతలంలోకి వచ్చి 12 నిమిషాలు తిరిగితే, పైకి లేచి వెళ్లింది ఇటలీ వాళ్ల ఎఫ్-35లు. మన దేశంలో అలా జరిగిందని ఊహించండి, టీవీల వాళ్లు ఏం చేసేవాళ్లో! వాళ్లు మాత్రం లెక్కేసుకున్నారు, ఒక విమాన దళం పెట్టుకుంటే మిగతా సైన్యమంతా దాని కింద నలిగిపోతుందని. కొనకూడనిది ఏదో ముందే తేల్చుకోవడం చిన్నవాడికి ఉండాల్సిన మొదటి తెలివి అనిపిస్తుంది నాకు.

నౌకాదళం కూడా అంతే. మూడు పాత మైన్‌హంటర్లు, బ్రిటన్ దగ్గర కొన్నవి, ఇంకా చిన్నాచితకా పడవలు. మన తూర్పు నౌకాదళం పక్కన పెడితే కనిపించవు కూడా. ఐతే ఒక ముక్క చెబుతాను, నవ్వొస్తుంది, కొంచెం బాధ కూడా వేస్తుంది. సముద్రంలో పెట్టిన మైన్లను వెతికి తీసే ఓడలు మనకి ఇప్పుడు లేవు. ఆఖరిది, ఐఎన్ఎస్ కోజికోడ్, 2019 ఏప్రిల్‌లో సేవలోంచి తప్పుకుంది, కొత్తవి ఏళ్ల తరబడి ఫైళ్లలోనే నలుగుతున్నాయి. అణు జలాంతర్గామిని మన వైజాగ్‌లోనే కట్టుకున్నాం, 2009లో అరిహంత్ నీళ్లలోకి దిగింది, గొప్పే, కాదన్నవాడెవడు. కానీ హార్బర్ నోట్లో ఎవడైనా నాలుగు మైన్లు జారవిడిస్తే తీయడానికి, ఆ పదమూడు లక్షల దేశానికున్న పాటి ఓడలు కూడా మనకి లేవు.

మనుషుల సంగతి వేరే. మన 2025-26 రక్షణ బడ్జెట్‌లో దాదాపు పావు వంతు, అంటే 1.6 లక్షల కోట్లు, పెన్షన్లకే పోయింది. జీతాలు దాని మీద. అందుకే 2022లో అగ్నిపథ్ వచ్చింది, అందుకే శ్రీకాకుళం, విజయనగరం గ్రౌండ్లలో తెల్లవారకముందే పరిగెత్తే కుర్రాళ్లకి నాలుగేళ్ల తర్వాత ఏంటి అనే టెన్షన్ పట్టుకుంది. ఎస్టోనియా పద్ధతి ఇంకోలా ఉంటుంది. శాశ్వత ఉద్యోగంలో ఉన్న సైనికులు కొన్ని వేల మందే. మగపిల్లలందరికీ నిర్బంధ సైనిక సేవ ఉంది, ఎనిమిది లేదా పదకొండు నెలలు, దాన్ని ఏడాది చేయబోతున్నారు. ఆ తర్వాత ఇంటికి వెళ్లి ఉద్యోగం చేసుకుంటారు, పిలిస్తే రావాలి. సాఫ్ట్‌వేర్ వాడు, బస్ డ్రైవరు, పంతులు, అందరూ రిజర్వు. యుద్ధమొస్తే నలభై వేలకి పైగా నిలబెట్టగలరు. దానికి తోడు కైట్సెలిట్ అని పౌరుల స్వచ్ఛంద రక్షణ సంఘం ఒకటి, శని ఆదివారాల్లో అడవుల్లో శిక్షణ. జీతం, పెన్షన్ బరువు తక్కువ కాబట్టి పెట్టిన యూరోలో ఎక్కువ భాగం ఆయుధాలకీ గుళ్లకీ పోతుంది. మనకి ఇది పనికొస్తుందని నేననడం లేదు, 145 కోట్ల మందికి నిర్బంధ సేవ అంటే ఆ ఏర్పాట్లకే బడ్జెట్ ఐపోతుంది. కానీ ఇద్దరి శాతాలూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు, లోపల ఉన్నది ఒకే వస్తువు కాదని తెలిసుండాలి.

ఇప్పుడు నాకు అసలు దిగులు పుట్టించిన విషయం. మన ఊళ్లో రక్షణ ఖర్చు అంటే ఎవరూ భయపడరు, సంతోషిస్తారు. ఎందుకంటే అది ఇక్కడే తిరుగుతుంది. డాక్‌యార్డ్ జీతాలు పడితే మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక కొట్లలో తేడా తెలుస్తుంది. సింధియా దగ్గర షిప్‌యార్డ్‌కి ఒక ఆర్డర్ వస్తే వెల్డర్లకీ, చిన్న వర్క్‌షాపులకీ, క్యాంటీన్ వాడికీ పని. నేవీ ఆయుధాల పరిశోధనశాల ఎన్ఎస్టీఎల్‌లో పనిచేసేవాళ్ల ఇళ్ల అద్దెలు మర్రిపాలెం, గోపాలపట్నం వైపు ఎన్ని ఇళ్లు నిలబెడుతున్నాయో. నావల్ ఆర్మమెంట్ డిపో పేరు మీద ఒక కూడలే ఉంది, రోజూ లక్షమంది "ఎన్ఏడీ దిగాలి" అంటారు, అదేంటో సగం మందికి తెలియదు. మనకి కష్టం లేదని కాదు, ఎక్సర్‌సైజులు నడిచే రోజుల్లో మత్స్యకారులు ఆ వైపు వేటకి పోకూడదు, నేవీ స్థావరాలకి భూములు వదిలిన ఊళ్లున్నాయి. ఐనా కూడికలో మనకి లాభమే.

ఎస్టోనియాకి ఆ లాభం లేదు. రొట్టె మీద వసూలు చేసిన పన్ను కొరియాకి పోతుంది, అమెరికాకి పోతుంది, ఫ్రాన్స్‌కి పోతుంది. అక్కడి వెల్డర్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. సొంత రక్షణ పరిశ్రమ పెంచుకోవాలని గట్టిగానే ప్రయత్నిస్తున్నారు, మిల్రెమ్ రోబోటిక్స్ అని ట్యాంకుల్లా గొలుసు పట్టాల మీద నడిచే యుద్ధ రోబోలు చేసే మంచి కంపెనీ ఉంది, ప్రపంచమంతా పేరుంది. దాంట్లో మెజారిటీ వాటా 2023లో అబుదాబి ఎడ్జ్ గ్రూపు కొనేసింది. చిన్న దేశంలో పుట్టిన మంచి కంపెనీకి జరిగేది ఇదే. కాబట్టి పెద్ద దేశం మిలటరీ ఖర్చు పెంచడం, చిన్న దేశం మిలటరీ ఖర్చు పెంచడం ఒక్కటి కాదు, మనం ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి, వాడు ఇంత శాతం పెడుతుంటే మనం ఇంతేనా అని టీవీల్లో అరుస్తుంటాం.

శాతాల గోల దగ్గరే ఇంకొంచెం ఆగాలి. 2014లో నాటో 2 శాతం అంది. 2025 జూన్‌లో హేగ్‌లో 2035 నాటికి 5 శాతం అంది, అందులో 3.5 నేరుగా సైన్యానికి, 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి. ఆ 1.5 అనగానే ఎవరి తెలివి వాళ్లు చూపించడం మొదలుపెట్టారు, ఇటలీలో ఐతే సిసిలీకి కట్టాలనుకుంటున్న మెస్సినా వంతెన కూడా రక్షణ ఖర్చే అని చూపిద్దామనే మాట నడిచింది. శాతం పెట్టడం వల్ల జరిగేది ఇదే. ఏం కావాలి అని అడగడం మానేసి, ఎంత చూపించాలి అని అడుగుతారు.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచిన ఒక మనిషి ఎస్టోనియాలోనే ఉన్నాడు, ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చినవాడు అతనే. కుస్తి సాల్మ్, రక్షణ శాఖ శాశ్వత కార్యదర్శి, అంటే మన భాషలో డిఫెన్స్ సెక్రటరీ లాంటివాడు. 2024లో అప్పటికే దేశం 3 శాతం దాటి ఖర్చు పెడుతోంది, నాటోలో మంచి విద్యార్థి అని అందరూ మెచ్చుకుంటున్నారు. అతను మాత్రం, మన దగ్గర ఫిరంగులున్నాయి గానీ గుళ్లు చాలవు, 160 కోట్ల యూరోల మందుగుండు అదనంగా కావాలి అన్నాడు. గాలిలోంచి తీసిన అంకె కాదది. ఎదుటివాడు ఎంత బలంతో వస్తాడు, అందులో ఎంత ధ్వంసం చేస్తే ఆగుతాడు, దానికి ఎన్ని గుళ్లు పడతాయి అని వెనక్కి లెక్కేసి తెచ్చిన అంకె. ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. అతను ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకి ప్రభుత్వం అదే 160 కోట్లు, విడతల వారీగా, ఇస్తామని ఒప్పుకుంది. ఐఏఎస్ అధికారి ఒకడు బడ్జెట్‌లో గుళ్లు తక్కువయ్యాయని రాజీనామా చేయడం మన దగ్గర ఊహించుకోగలమా? నేను చాలాసేపు ఊహించి చూశాను, కుదర్లేదు.

నాకు తేలింది ఏంటంటే, ఎస్టోనియా డబ్బు పెట్టడం సరైనదే, దాన్ని పన్నుగా వసూలు చేసి పన్ను అని చెప్పడం ఇంకా సరైనది. తప్పల్లా ఆ 5.4ని పతకంలా మెడలో వేసుకుని తిరగడంలో ఉంది. లిథువేనియా కూడా 5 శాతం పైన అంటోంది, పోలండ్ ఎప్పుడో 4 దాటింది, ఇది పోటీలా తయారైంది. వాషింగ్టన్‌లో ఒక పెద్దమనిషిని సంతోషపెట్టడానికి శాతం పనికొస్తుంది. నార్వా నది దగ్గర మాత్రం పనికొచ్చేది సాల్మ్ లెక్క. ఆ నార్వా ఊరు ఎలా ఉంటుందంటే, ఇవతల ఒక కోట, నది, అవతల రష్యా కోట, ఎదురెదురుగా. ఊళ్లో అత్యధికులు రష్యన్ మాట్లాడేవాళ్లు. అక్కణ్ణుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ సుమారు 150 కిలోమీటర్లు, మనకి కాకినాడ ఎంతో అంత. అక్కడి ముసలమ్మకి పెన్షన్ సరిపోకపోతే, ఆస్పత్రి అపాయింట్‌మెంట్‌కి నెలలు పడితే, ఆమెకి దేశం మీద నమ్మకం తగ్గితే, అది కూడా రక్షణ లోపమే. దానికి ఏ బడ్జెట్ పద్దులోనూ చోటు లేదు.

2024 జనవరిలో, వ్యాట్ పెరిగిన ఆ నెలలోనే, ఎస్టోనియా టీచర్లు జీతాల కోసం సమ్మె చేశారు. అదే ఏడాది దేశం మొత్తంలో పుట్టిన పిల్లలు 10 వేల లోపు. కొనే ప్రతి ఫిరంగి వెనకా నిలబడాల్సిన కుర్రాళ్లు ఇంకో ఇరవై ఏళ్లకి ఈ పిల్లలే, వాళ్లలో సగం ఆడపిల్లలు, నిర్బంధ సేవ మగపిల్లలకే. మా బావ అన్న "పిల్లల సదువులు" అనే మాట అందుకే నేను తోసేయలేకపోయాను. డబ్బు ఉంటే తుపాకీ కొనొచ్చు, పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి కొనలేం.

చిన్న దేశాలకి ఇంకో దారి లేదా అంటే ఉంది. కోస్టారికా 1948లో సైన్యాన్నే తీసేసింది, ఐస్‌లాండ్‌కి సైన్యమే లేదు. కానీ కోస్టారికా పక్కన రష్యా లేదు, ఐస్‌లాండ్ చుట్టూ సముద్రం ఉంది. మన హిందూ మహాసముద్రంలో సీషెల్స్ లాంటి దేశాలు గస్తీ ఓడలు మన దగ్గర బహుమతిగా తీసుకుంటాయి, మిలన్ నౌకా విన్యాసాలకి వైజాగ్ వస్తాయి, 2024లో యాభై దేశాల దాకా వచ్చినప్పుడు ఆర్కే బీచ్‌లో ఆ జెండాలన్నీ చూశాం కూడా. ఉచితంగా వచ్చిన ఓడకి విడిభాగాలు ఎవరిస్తారు, రిపేరు ఎవరు చేస్తారు, ఆ తర్వాత ఆ దేశం ఎవరి మాట వినాలి అనేది జెండాలు చూస్తే తెలియదు. ఎస్టోనియా ఆ దారి వద్దనుకుని రొట్టె మీద పన్ను వేసుకుంది, నాకైతే అందులో ఒక మర్యాద కనిపిస్తుంది.

మనకీ తగిలే విషయం ఒకటుంది, ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడట్లేదు. 2024 క్రిస్మస్ రోజున ఫిన్లాండ్‌కీ ఎస్టోనియాకీ మధ్య సముద్రం అడుగున ఉన్న ఎస్ట్‌లింక్-2 కరెంటు కేబుల్ తెగింది. ఈగిల్ ఎస్ అనే ఆయిల్ ట్యాంకర్ లంగరు ఈడ్చుకుంటూ పోయిందని ఫిన్లాండ్ దాన్ని పట్టుకుంది. మిగిలిన కేబుల్‌కి కాపలాగా ఎస్టోనియా ఒక చిన్న గస్తీ ఓడని పంపాల్సి వచ్చింది. యుద్ధం లేదు, ప్రకటన లేదు, ఖర్చు మాత్రం వచ్చిపడింది. 2025 అక్టోబరులో గూగుల్ మన వైజాగ్‌లో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతామని, సముద్రం అడుగున కేబుళ్లు ఇక్కడికే తెస్తామని ప్రకటించింది. భూముల రేట్లు, ఉద్యోగాలు, నీళ్లు, కరెంటు, అన్నిటి గురించీ ఊరంతా కొట్టుకుంటున్నాం. ఆ కేబుళ్ల మీద ఎవడైనా లంగరు ఈడిస్తే చూసే పని ఎవరిది, ఆ ఓడల ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది అని అడిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. టాలిన్‌లో ఐతే ఇది రేడియోలో పొద్దున్నే మాట్లాడుకునే విషయం.

2027 మార్చిలో వాళ్లకి పార్లమెంటు ఎన్నికలు. వ్యాట్ తగ్గిస్తామని చెప్పే పార్టీలు అప్పుడు ఉండకపోవు. అలా చెప్పేవాళ్లు ఆ 5.4లో ఏది తీసేస్తారో, హైమార్స్ గుళ్లా, బంకర్లా, కుర్రాళ్ల శిక్షణా, అది కూడా చెబుతారా లేదా అనేది నేను చూద్దామనుకుంటున్నాను. మా పిన్ని కొడుక్కి ఓటు లేదు గానీ బిల్లులు పంపమని చెప్పాను.